తారల మద్యపానం: నేరం ఎవరిది?

హాలీవుడ్ నైట్‌క్లబ్బుల్లో 21 ఏళ్లు నిండని నటీనటులు నిర్భయంగా మద్యం తాగగలగడానికి వారి పలుకుబడి, పోలీసుల మెతకదనమే కారణమన్న అభిప్రాయం 2000ల మధ్యకాలం నుంచి స్థిరపడిపోయింది. ఇందుకు నిదర్శనంగా లిండ్సే లోహన్ ఉదంతాన్ని చూపడం పరిపాటి. ఇరవై ఏళ్ల వయసులో, 2007 మే నెలలో బెవర్లీ హిల్స్‌లో కారు ప్రమాదం తర్వాత అరెస్టయి, జూలైలో మళ్లీ పట్టుబడిన ఆ నటి ఒక రోజు జైలు శిక్షలో 84 నిమిషాలే లోపల గడిపింది. అయితే ఆ శిక్ష మత్తులో వాహనం నడిపినందుకు, మాదకద్రవ్యం వాడినందుకు పడిందే తప్ప క్లబ్బులో తాగినందుకు కాదు గనుక, వాదానికి ఈ సాక్ష్యం అతకదు.

పలుకుబడే కాపాడేదయితే, 2001లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో 19 ఏళ్ల జెన్నా బుష్‌పై కేసు నమోదయ్యేదే కాదు. అప్పటికి ఆమె తండ్రి అమెరికా అధ్యక్షుడు. వేరొకరి గుర్తింపు కార్డుతో మద్యం కొనబోయిన ఆమె గురించి పోలీసులకు ఫోన్ చేసింది ఆ రెస్టారెంటు వారే. జరిమానా, సామాజిక సేవ ఆమెకు తప్పలేదు. ఆ రెస్టారెంటు వ్యాపారం అధ్యక్షుడి కూతురి రాకపై ఆధారపడినది కాదు. హాలీవుడ్ క్లబ్బుకు మాత్రం తార రాకే సరుకు. గుమ్మం ముందు ఫొటో పడితే దక్కే ఉచిత ప్రచారం కోసం, తారలను వెంటబెట్టుకు వచ్చే ప్రమోటర్లకు, అంటే అతిథులను సమకూర్చే దళారులకు, క్లబ్బులు డబ్బు చెల్లిస్తాయి.

కాలిఫోర్నియా చట్టంలో లోపం లేదనలేం గాని, అసలు లోపం దాన్ని అమలుచేసే తీరులో ఉంది. మద్య నియంత్రణ శాఖ ప్రధానంగా నమ్ముకున్నది డికాయ్ పద్ధతిని: ఇరవై ఏళ్లు నిండని యువకుణ్ణి బూటకపు కొనుగోలుదారుగా పంపి, అమ్మినవారిని పట్టుకోవడం. దీన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో సమర్థించింది. వీధి మలుపులో మద్యం దుకాణం కౌంటరు దగ్గర నిలబడే గుమాస్తా ఈ వలలో తేలిగ్గా పడతాడు. అతిథుల జాబితాలో పేరుంటే తప్ప తలుపు తీయని క్లబ్బు లోపలికి అనామకుడైన ఆ యువకుడు అడుగే పెట్టలేడు. పైగా అక్కడ ‘బాటిల్ సర్వీస్’ పేరిట సీసా మొత్తాన్ని బల్ల మీదికి తెప్పించుకుని అతిథులే పోసుకుంటారు కాబట్టి, వయసు చాలనివారి గ్లాసు ఎవరు నింపారన్నది తేల్చడం కష్టం. రెస్టారెంటు లైసెన్సుతో నడిచేచోట వయసు చాలనివారు ఉండడమే నేరం కాదు గనుక, లోపల తీసిన ఫొటో కూడా సాక్ష్యంగా చాలదు.

క్లబ్బు దొరికిపోయినా మొదటిసారికి మామూలుగా పడేది 15 రోజుల లైసెన్సు సస్పెన్షన్. చాలా సందర్భాల్లో దానికి బదులు జరిమానా కట్టి తలుపులు తెరిచే ఉంచుకోవచ్చు.

తారను జైల్లో పెట్టాలన్న గగ్గోలు, చూపును క్లబ్బు మీద నుంచి మళ్లించి, ఈ ఏర్పాటుకు చక్కగా ఉపయోగపడుతోంది. మామూలు యువతి విషయంలో దొంగ కార్డు చూసి మోసపోయామని క్లబ్బు చెప్పుకోవచ్చు. అసలైనదిగా కనిపించే గుర్తింపు పత్రాన్ని చూసి నమ్మి పోసినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ప్రసిద్ధురాలనే కారణంతోనే పిలిపించుకున్న నటి వయసు తెలియదని చెప్పే వీలు మాత్రం ఆ యజమానికి ఉండదు. పోసిన సంగతి రుజువైతే, లైసెన్సుదారుపై నిలబడే కేసు ఇంతకన్నా మరొకటి దొరకదు.