బొడ్డు కోయడానికి ఒక్క నిమిషం

బొడ్డు కోసి పేరు పెట్టడమని మనకొక నానుడి వుంది. పేరు సంగతి అలా వుంచి, ఆ బొడ్డు ఎప్పుడు కోయాలన్నదే వైద్యులలో పాత తగవు. నెలలు నిండి, కెవ్వుమంటూ పుట్టిన బిడ్డయితే కొంచెం అటూ యిటూ అయినా తట్టుకుంటుంది. ఊపిరితిత్తులు ముదరకుండానే పుట్టిన బిడ్డతోనే వస్తుంది చిక్కంతా.

ఆ చిక్కు ఎంతటిదో 1963 ఆగస్టులో లోకమంతా చూసింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు పాట్రిక్ అయిదున్నర వారాలు ముందుగా పుట్టాడు. అధ్యక్షుడి బిడ్డకు వైద్యానికేం కొరత? అయినా 39 గంటలే బతికాడు. గాలిగదులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తిత్తుల్లో లేకపోవడమే ఈ జబ్బుకు మూలమని ఏవరీ, మీడ్ అనే పరిశోధకులు 1959లోనే చూపారు. దాన్ని బయటినుంచి పోసి పిల్లల్ని బతికించవచ్చునని జపాను వైద్యుడు ఫుజివారా 1980లోగాని నిరూపించలేదు.

బొడ్డు ఆలస్యంగా కోసినందువల్ల ఆ పదార్థం పుట్టుకురాదు. కాని అది లేని బిడ్డ గుండె తొలి నిమిషాల్లో నిలదొక్కుకోవాలి గదా! కడుపులో వున్నంతకాలం అవి గాలి ఎరగని తిత్తులు. వాటిలోకి పోయే నెత్తురు కొద్దిపాటి. గుండె ఎడమ భాగానికి అందేది చాలావరకు మాయనుంచి బొడ్డుతాడు గుండా వచ్చే నెత్తురే. ఊపిరి ఆడి తిత్తులు విచ్చుకున్నాక నెత్తురు అటు మళ్ళి, అక్కడినుంచి గుండెకు చేరుతుంది. కొత్త కాలువ పారకముందే పాత కాలువకు అడ్డుకట్ట వేస్తే పైరు ఏమవుతుందో రైతు నడగండి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంవారు 2013లో నెలలు నిండని గొర్రెపిల్లలలో ఇదే చూశారు. ముందు ఊపిరి పోసి తరువాత తాడు బిగిస్తే గుండె నిలకడగా కొట్టుకుంది. ముందే బిగిస్తే మందగించింది.

ఇదేమీ కొత్త మాట కాదు. నేర్పరులైన మంత్రసానులు తాడులోని నెత్తురును బిడ్డవైపు పిండి బతికించడాన్ని అరిస్టాటిల్ ప్రస్తావించాడు. చార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్, తాడు కొట్టుకోవడం మానేదాకా ముడివేయవద్దని 1801లోనే హెచ్చరించాడు. మన మంత్రసానుల్లోనూ మాయ పడ్డాకగాని బొడ్డు కోయనివారు వుండేవారు. (వారి కొడవలినీ, దానివల్ల వచ్చే ధనుర్వాతాన్నీ నేను వెనకేసుకు రావడంలేదు.) తల్లికి రక్తస్రావం తగ్గుతుందన్న నమ్మకంతో ఇరవయ్యో శతాబ్దపు ఆసుపత్రులు వెంటనే కోయడం అలవాటు చేసుకున్నాయి. ఆ నమ్మకానికి ఆధారం లేదని తరువాతి పరీక్షల్లో తేలింది.

అయితే అరిస్టాటిల్ చెప్పిన పిండడం మాత్రం అందరికీ పనికిరాదు. 28 వారాలైనా నిండని పసికందులకు అలా చేస్తే మెదడులో నెత్తురు చిమ్మడం ఎక్కువైందని అమెరికాలో ఆ పరీక్షను మధ్యలో ఆపేశారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆగడం వేరు, తొందరపెట్టి తోయడం వేరు.

ఆగితే మేలెంత? సిడ్నీ పరిశోధకులు అనేక దేశాల పరీక్షలను కలిపి 2023లో లెక్క కట్టారు. నెలలు నిండని బిడ్డల్లో, వెంటనే కోసినప్పుడు నూటికి 8.2 మంది ఆసుపత్రి వదలకముందే పోతే, అరనిమిషమో అంతకన్న ఎక్కువో ఆగినప్పుడు పోయినవారు 6 మంది. రెండు నిమిషాలకు పైగా ఆగితే ఇంకా మేలు కావచ్చునని కూడా వారన్నారు. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

మాయ ముందే విడిపోయినా, తాడు తెగినా ఆగడానికి వీల్లేదు. అది వైద్యుడు చూసుకోవలసిన సంగతి. ఊపిరాడని బిడ్డను చేతిలో పెట్టుకుని నిమిషం ఊరుకోవడం ఎంత గుండెదిటవున్న డాక్టరుకైనా కష్టమే. ఊపిరి పోసే బల్లేమో గదికి అవతల వుంటుంది, తాడేమో అంత దూరం సాగదు. అందుకే హాలెండులోని లైడెన్ ఆసుపత్రివారు చక్రాల బల్ల ఒకటి తయారుచేశారు. అది తల్లి మంచం పక్కకే వస్తుంది. బిడ్డను దానిమీద పడుకోబెట్టి, తాడు తల్లితో వుండగానే ఊపిరి పోస్తారు. తిత్తులు విచ్చుకుని, గుండె కుదుటపడ్డాకే కత్తెర తీస్తారు.