నేరేడుపొడి చక్కెరకు విరుగుడు కాదు

తీపి ఎంత తిన్నను దానివలన దేహమునందు పుట్టు దోషమును ఏదో యొక మొక్క హరించుననియు, అందుచేత తిండిని మార్చుకొనుటకంటె పొడిని చేర్చుకొనుటయే సులభోపాయమనియు నేడు సర్వత్ర ప్రబలియున్న విశ్వాసము నిరాధారమే గాక హానికరము కూడనని నా దృఢాభిప్రాయము. సూళ్లూరుపేట బజారులో నేరేడుగింజల పొడి, మునగాకు పొడి, కాకరపొడి పొట్లములుగా దొరకును. "పొద్దున్నే ఒక చెంచా వేసుకుంటే చాలన్నా, ఏం తిన్నా షుగరు పెరగదు" అని అమ్మువాడు చెప్పును. నమ్మినవాడు ప్రక్క అంగడిలో, అడుగున పంచదార కరగక పేరుకొన్న టీగ్లాసును నిశ్చింతగా అందుకొనును.

ఈ నమ్మకమునకు శాస్త్రపు రంగు పూయుచున్నది యాంటీ ఆక్సిడెంట్ల వాదము. రక్తమున చక్కెర మితిమీరినప్పుడు కణములలోని మైటోకాండ్రియాలయందు ఇంధనదహనము తడబడి, దారితప్పిన ఎలక్ట్రానులు ప్రాణవాయువుతో కలియగా సూపరాక్సైడు పుట్టి, రక్తనాళములను, రెటీనాను, మూత్రపిండములను గాయపరచునని 2001లో బ్రౌన్‌లీ అను అమెరికను వైద్యశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నేరేడుపండు నల్లదనమునకు కారణమైన వర్ణద్రవ్యములు గాజునాళికలో అట్టి పదార్థములను అణచునన్నదియు సత్యమే. కాని గాజునాళికకు ప్రేగులు లేవు, కాలేయము లేదు. మనము మ్రింగిన ఆ ద్రవ్యములలో స్వల్పభాగమే రక్తమున చేరును. చేరినదానిని దేహము త్వరలోనే రూపుమార్చి వెడలగొట్టును. ఆహారపదార్థముల యాంటీ ఆక్సిడెంటు బలమును అంకెలలో చూపు పట్టికను అమెరికా వ్యవసాయశాఖ 2012లో ఉపసంహరించుకొనెను. ఆ అంకెలను వ్యాపారులు ప్రకటనలకై దుర్వినియోగము చేయుచున్నారని ఆ శాఖయే పేర్కొనెను.

దూరదేశముల మాట యటుండనిండు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన పరిశోధన మనకు మిక్కిలి మననీయము. నూటికి 30 పాళ్లు గాలక్టోజు అను చక్కెర కలిపిన మేతను ఎలుకలకు పెట్టగా వాని కండ్లలో శుక్లము లేర్పడెను. ఆ మేతలోనే పసుపునందలి కుర్కుమినును నూటికి 0.002 పాళ్లు చేర్చినప్పుడు శుక్లము ఆలస్యమైనది. పొడులపక్షమువారు ఇంతవరకే చదివి జయఘోష చేయుదురు. మోతాదును 0.01 పాళ్లకు పెంచగా, కుర్కుమిను బొత్తిగా లేని ఎలుకలలోకంటెను శుక్లము వేగముగా ముదిరినది! అయిదు రెట్లు హెచ్చినంతనే మేలు కీడుగా మారినప్పుడు, బజారు పొట్లమునుండి చెంచాతో తోడుకొను పొడిలో ఏ ద్రవ్యమెంత గలదో కొలిచి చూచినవాడెవ్వడు?

మన పెద్దలు కాకరయు మునగయు తినలేదా యని అడుగువారు కలరు. తినిరి, కూరగా తినిరి, పులుసుగా తినిరి. ఆ కూర తింటిమిగదా యను ధీమాతో నాలుగు మలైకాజాలు అదనముగా తినలేదు. కూరయందలి పీచును, పళ్లెములో అది ఆక్రమించు చోటును విడిచి, సారము మాత్రము పొడిగా గ్రహించి అదే ఫలము కోరుట అన్యాయము.

నాకు అన్నిటికంటె వ్యథ కలిగించునది, పొడిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానుకొనుట. షుగరువ్యాధి చాలకాలము నొప్పి యెరుగనీయదు. చూపు మందగించువరకు, కాలిపుండు మానక మొరాయించువరకు రోగి తాను కుశలముననే యున్నాననుకొనును. ఆ మౌనకాలమునే పొడి తన మహిమగా చూపుకొనుచున్నది. కావున అమ్మువారిని నేను కోరునది యిది: మాత్రలు మానరాదని కొనువానికి స్పష్టముగా చెప్పవలెను, మూడు మాసముల చక్కెర సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షను పొడికి ముందొకమారు, పిదప నొకమారు చేయించుకొమ్మని ఆ పొట్లముపైననే ముద్రింపవలెను.