సాయంకాల ధ్యానము: మనుష్యుడు సంఖ్యయా?



మనుష్యు డనగా ఎవడు? ఈ ప్రశ్న పండితులకే తగినదని తలంపవలదు. చెరకుతోటలలోను తేయాకుతోటలలోను పాటుపడినవారి సంతతివారమగు మనకు ఇది ఇంటి ప్రశ్నయే.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రురో అను ఓడ డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒడంబడిక కూలీలు నేటాలునకు వచ్చిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు. వచ్చిన ప్రతివానికిని ఒక సంఖ్య నియ్యబడెను. దాని ప్రక్కను పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, దేహముమీది మచ్చలును వ్రాసికొనిరి.

మొదటి యేట కూలి నెలకు పది షిల్లింగులు. పనికి రాని దినమునకు రెండు దినముల కూలి కోసికొను వాడుకయు నుండెను. జ్వరముతో పడియున్నవాడు ఆ లెక్కలో లోటుగానే కనబడెను.

మనుష్యుడు తన పనియే యైనయెడల, పని యెరుగని శిశువును, మంచము పట్టిన ముసలివానిని ఏమనవలెను? వారి నోటికి అన్నము అందించునప్పుడు వారి కూలి యెంతయని మనలో ఎవరును అడుగరు. కాబట్టి మనుష్యుని విలువ పనికంటె ముందున్నదని మన చేతులే సాక్ష్యమిచ్చుచున్నవి.

అట్లయిన మనుష్యుడు తన పేరా? పేరును నిలువలేదు. గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు వ్రాసిరి, ఇంటిపేర్లు జారిపోయెను, నాయుడు అను గౌరవపదమే అనేక కుటుంబములకు ఇంటిపేరై స్థిరపడెను. పేరు పోయినంతమాత్రమున వారు మనుష్యులు కాకపోయిరా?

ఆదికాండము 16వ అధ్యాయమును చదువుడి. అందు శారయి గాని అబ్రాము గాని హాగరును పేరుపెట్టి పలుకరు; దాసి యనియే యందురు. ఆమె పారిపోయి అరణ్యములో నీటిబుగ్గ యొద్ద నున్నప్పుడు, దేవదూత మొట్టమొదట ఆమె పేరు పలికి, ఆమె వచ్చిన చోటును పోవు చోటును విచారించెను. అప్పు డామె తన్ను చూచిన దేవునికి తానే యొక పేరు పెట్టెను. ఆమె కష్టము ఆ దినముననే తీరలేదు. తిరిగి ఆ యింటికే పోవలసి వచ్చెను. అయినను తాను చూడబడితినని ఎరిగిన స్త్రీగా పోయెను. యజమానుల నోట లేని పేరు దేవుని యెదుట నుండెను. మన విలువకు పునాది ఇదియే.

లెక్కపెట్టుట దోషము కాదు. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయినదని కాపరికి తెలిసినది లెక్కచేతనే గదా! తోటదొర లెక్క పనిదినములకొరకు. కాపరి లెక్క తప్పిపోయిన దానికొరకు. సముద్రము దాటినవారిని స్వదేశ సంఘమును మఱవలేదు. 1903లో తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యగారిని వారియొద్దకు మిషనరీగా పంపిరి. కూలీని తోటకు కట్టివేయుటకై వ్రాసిన ఆ సంఖ్యలే నేడు మునిమనుమలకు పితరుల గ్రామమును చూపుచున్నవి.

కావున ఈ వారము మీ యింటి బైబిలులో ఖాళీపుట తెరచి, పితరుల పేర్లు మీ పిల్లలచేత వ్రాయింపుడి. పేరు తెలియనిచోట సంఖ్యనే వ్రాసి, దాని ప్రక్కను దేవు డెరుగునని చేర్చుడి.