నూరు కోట్ల అట్టముక్క!

సినిమా నూరు కోట్లు వసూలు చేసిందంటే మన నిర్మాతలు ఆ అంకెను పోస్టర్ల నిండా వేయించుకుంటారు. అమెరికాలో 2022 ఆగస్టులో ఒకే ఒక్క అట్టముక్క అంత వసూలు చేసింది! మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మతో 1952లో వచ్చిన టాప్స్ కంపెనీ కార్డది. వేలంలో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. అరచేతిలో ఇమిడిపోయే కార్డు సుమండీ!

ఈ కార్డులు మొదట సిగరెట్ పెట్టెల్లోనూ, తరవాత బబుల్ గమ్ పొట్లాల్లోనూ ఉచితంగా వచ్చేవి. పిల్లలు వాటిని సైకిల్ చక్రం పుల్లల మధ్య పెట్టి టపటపలాడించారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక తల్లులు ఇల్లు సర్దుతూ పారేశారు. కంపెనీ మాత్రం తక్కువ తిందా? 1952లో అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని 1960లో పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్జర్ స్వయంగా చెప్పుకున్నాడు. మాంటిల్ కార్డు ఆ వరసలోదే. ఇక ధర పెరగదూ!

ఇలాంటి పాత కార్డుల కోసం అక్కడ సంతలు జరుగుతాయి. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన నేషనల్ కన్వెన్షన్ వాటిలో పెద్ద తిరనాళ్లు. హాలు నిండా బల్లలు, గాజుపెట్టెలు, వాటి వెనక వ్యాపారులు. అనుభవజ్ఞులు వెళ్లగానే పర్సు తియ్యరు. ముందు ఒక చుట్టు తిరిగి ధరలు కనుక్కుంటారు. ఒకటి కాకుండా నాలుగు కలిపి బేరమాడతారు. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఓపిక పడితే ఇంకా మంచిది. సరుకు మళ్లీ మోసుకుపోవడం ఏ వ్యాపారికీ ఇష్టం ఉండదు కదా!

ఇక చూడాల్సినవి నాలుగు. మూలలు వాడిగా ఉన్నాయా? అంచులు నలగకుండా ఉన్నాయా? బొమ్మ సరిగ్గా నడిమధ్యన ఉందా? పైన గీతలు, మరకలు లేవు కదా? భూతద్దం లేకుండా వెళ్లడం దండగ. అదే వరసలోని మరో కార్డు పక్కన పెట్టి కొలిస్తే, నలిగిన అంచు కత్తిరించి కొత్తదనం తెచ్చిన దొంగ కార్డు పొట్టిదై దొరికిపోతుంది.

ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చే సంస్థలున్నాయిగా అంటారా? ఉన్నాయి. వాటిలో పేరుమోసిన పి.ఎస్.ఏ. 1991లో మొట్టమొదట మార్కులు వేసిన కార్డు కథ వినండి. అది హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న పాత సిగరెట్ కార్డు. ఆ ఏడే హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ భాగస్వామితో కలిసి దాన్ని 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నాడు. పదికి ఎనిమిది మార్కులొచ్చాయి. 2013లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి, ఆ కార్డు అంచుల్ని తానే కత్తిరించానని ఒప్పుకున్నాడు! మార్కులు చూసి మురిసిపోకూడదని అందుకే అనేది.

అన్నట్టు, ఇంకో తమాషా. పాత కార్డులకు ఇంత గిరాకీ వచ్చిందని తెలిశాక 1980ల చివర్లో కంపెనీలు లెక్కలేనన్ని అచ్చు వేశాయి. ఈసారి తల్లులు ఒక్కటీ పారెయ్యలేదు, భద్రంగా దాచారు. ఫలితం? వాటిలో చాలావాటికి ఇప్పుడు అడిగే దిక్కు లేదు! అందరూ పారేసినదానికి కోట్లు, అందరూ దాచినదానికి పైసలు. కాబట్టి లాభం కోసం కాకుండా, మూలలు అరిగినా సరే, మనసుకు నచ్చిన ఆటగాడి కార్డు కొనుక్కున్నవాడే తెలివైనవాడు. ధర పడిపోయినా అతని దగ్గర అభిమాన వీరుడు మిగులుతాడు.

మన సినిమాహాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు మాత్రం ఎన్నిళ్లల్లో మిగిలాయి? మీ అటక మీద పాత కట్ట ఏదైనా ఉంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. కోట్లు రాకపోవచ్చు. మీ నాన్నగారు మెచ్చిన తార ముఖచిత్రం మీద నవ్వుతూ కనబడవచ్చు!