నూటికి నాలుగు రూపాయల దవాఖాన

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. నీళ్ల లెక్క గల్లీలో పిలగాడు కూడా చెప్తడు. పోతిరెడ్డిపాడు తూము ఎంత వెడల్పు, శ్రీశైలంలో మన వాటా ఎన్ని టీఎంసీలు అని ఏండ్లకేండ్లు ఉపన్యాసాలు విన్నం. మరి సర్కారు దవాఖానకు వచ్చిన నిధులెన్ని, జరిగిన నియామకాలెన్ని? ఈ ప్రశ్న అడిగితే వేదిక మీది పెద్దమనుషులు గొంతు సవరించుకుంటరు, మైకు పక్కోనికిస్తరు.

లెక్క మనమే చూద్దాం. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో వైద్య ఆరోగ్య శాఖకు రాసింది 12,393 కోట్లు. అంటే నూరు రూపాయల్లో నాలుగు. దానికి ముందటేడు, 2024-25లో, 2,91,159 కోట్లలో 11,468 కోట్లు. అప్పుడైతే నాలుగు కూడా నిండలేదు. ఇంకొంచెం వెనక్కి పోతే 2023-24, పోయిన సర్కారు ఆఖరి బడ్జెట్: 2,90,396 కోట్లకు 12,161 కోట్లు. మళ్లీ అదే నాలుగు. ముఖ్యమంత్రి మారిండు, జెండా రంగు మారింది, గాంధీ భవన్ తిట్లు తెలంగాణ భవన్‌కు, తెలంగాణ భవన్ తిట్లు గాంధీ భవన్‌కు బదిలీ అయినయి. ఈ నాలుగు రూపాయలు మాత్రం జాగ నుంచి కదలలేదు.

2017లో కేంద్రం తెచ్చిన జాతీయ ఆరోగ్య విధానం ఏమన్నది? 2020 నాటికి రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో నూటికి ఎనిమిది కన్నా ఎక్కువ ఆరోగ్యానికి పెట్టాలన్నది. 2025-26 బడ్జెట్‌లో ఎనిమిది వంతులంటే 24 వేల కోట్ల పైచిలుకు. ఇచ్చిందేమో దాంట్లో సగం. మిగిలిన సగం ఎవడు భరిస్తున్నడు? గొర్లమ్మి, గుంటెడు భూమి కుదువబెట్టి, పుస్తెలతాడు మార్వాడీ దుకాణంలో పెట్టి ప్రజలే భరిస్తున్నరు. ఇంకో లెక్క చెప్త. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం మూడున్నర కోట్లం. ఆ పాత లెక్క పట్టుకుని భాగించినా మనిషికి రోజుకు పది రూపాయలు పడతలేవు. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ కూడా రాదు. నీతులు చెప్పిన ఢిల్లీ సంగతి ఇంకా ఘోరం. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటితే ఆరోగ్య శాఖకు 99,859 కోట్లు, నూటికి రెండు రూపాయలు కూడా కాదు.

ఇదంతా కాగితం మీది ముచ్చట. బడ్జెట్ పుస్తకంలో అచ్చయిన పైసా వేరు, ట్రెజరీ గడప దాటిన పైసా వేరు. మందుల సప్లయర్ల బిల్లులు ఆగుతయి, రోగుల భోజనం కాంట్రాక్టరు బిల్లు ఆగుతది, ఊడ్చే అక్క జీతం ఆగుతది. చీటీ మీద డాక్టరు రాసిన ఐదు మందుల్లో మూడు బయట కొనుక్కోమని చెప్పే ఫార్మసిస్టు మీద మనం అరుస్తం. తాళంచెవి ఆయన దగ్గర లేదు, సచివాలయంలో ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన అన్యాయం చిన్నదేం కాదు. నిజాం కాలంలో మూసీ ఒడ్డున కట్టిన ఉస్మానియా దవాఖాన, 1846లో మొదలైన ఉస్మానియా వైద్య పాఠశాల, 1954లో గాంధీ, 1959లో వరంగల్ కాకతీయ. ఆ తర్వాత 2008లో ఆదిలాబాద్ రిమ్స్ వచ్చేదాకా, అంటే దగ్గర దగ్గర యాభై ఏండ్లు, తెలంగాణకు ఇంకో సర్కారు మెడికల్ కాలేజీ రాలే. 610 జీవో 1985లో వచ్చింది, అమలు కాలే. 1990లలో ప్రపంచబ్యాంకు అప్పు తెచ్చి దవాఖానల్లో యూజర్ చార్జీలు పెట్టిండ్రు. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టి సర్కారు పైసను కార్పొరేట్ ఆసుపత్రుల తొట్టిలోకి మళ్లించిండ్రు. ఇవన్నీ మనం సభల్లో చెప్పినం, 2011 సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు రోడ్డు మీద చెప్పినం. డాక్టర్లు, నర్సులు, కాంపౌండర్లు తెల్లకోట్లు వేసుకుని మనతోని నడిచిండ్రు. అందుకే అడిగే హక్కు ఉన్నది. వలస పాలకులు చేసిన పనే మన పాలకులు చేస్తే దానికి వేరే పేరుంటదా?

2014 నుంచి ఏం జరగలేదనడం అబద్ధమైతది. 2017లో కేసీఆర్ కిట్ వచ్చినంక కాన్పుకు సర్కారు దవాఖానకు పోయేటోళ్లు పెరిగిండ్రు. బస్తీ దవాఖానలు పెట్టిండ్రు. జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నరు, పెట్టిండ్రు. 2014లో ఐదున్న సర్కారు కాలేజీలు 2024 నాటికి 34 అయినయి. బోర్డులు లేచినయి. మరి బోర్డు వెనుక? 2025 జూన్‌లో జాతీయ వైద్య కమిషన్ ఆ 34 కాలేజీల్లో 26 కాలేజీలకు నోటీసులిచ్చింది. చదువు చెప్పే ప్రొఫెసర్లు ఏరి అని అడిగింది. అప్పటిదాకా నడిచిన తంతు అందరికీ ఎరుకే. తనిఖీ వస్తుందంటే పట్నం నుంచి డాక్టర్లను బదిలీ ఆర్డర్ల మీద జిల్లాకు తోలుడు, తనిఖీ అయినంక వెనక్కి పిలుచుడు. పెండ్లికి కిరాయి కుర్చీలు తెచ్చినట్టు. ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి కమిషన్ తెచ్చినంక ఆ కుర్చీల ఆట కష్టమైంది. అప్పుడు, ఆ జూన్ నెలలోనే, 607 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ గుర్తుకొచ్చింది.

ఇంకో మతలబు ఉన్నది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త కాలేజీ అంటే చాలా జాగల్ల కొత్త దవాఖాన కాదు. వైద్య విధాన పరిషత్ కింద నడిచే జిల్లా దవాఖానకే కాలేజీ బోర్డు తగిలించుడు. చుట్టుపక్కల ఏరియా దవాఖానల్లో ఉన్న ఒక్క గైనకాలజిస్టును, ఒక్క పిల్లల డాక్టరును అక్కడికి గుంజుకొనుడు. జిల్లా కేంద్రంలో బిల్డింగు పెరుగుతది, తాలూకా దవాఖాన ఖాళీ అయితది. పరిషత్ ఉద్యోగుల సంగతి మరీ అన్యాయం. మిగతా సర్కారు ఉద్యోగుల లెక్క 010 పద్దు కింద జీతాలియ్యుండ్రని ఏండ్ల తరబడి ధర్నాలు చేసిండ్రు.

ఖాళీ ఎట్ల పుడుతదో చూడుండ్రి. ఒక డాక్టరు రిటైర్ అయితడు, ఆ పోస్టు నింపరు. ఇంకొకాయన సర్వీసు కోటాలో పీజీకి పోతడు, మూడేండ్లు రాడు. రిజిస్టర్‌లో మాత్రం ఆ పోస్టు నిండే ఉంటది. మూడో ఆయన పలుకుబడి ఉన్నోడు, డిప్యుటేషన్ మీద కోఠిలో కూసుంటడు, జీతం ఏజెన్సీ మండలం నుంచి తీస్తడు. మంత్రి అసెంబ్లీలో లేచి ఖాళీలు ఇన్నే అంటే అబద్ధం కాదు. రోగి పోతే కుర్చీ ఖాళీగా కనిపిస్తది, అదీ అబద్ధం కాదు.

డాక్టర్లు పల్లెకు పోతలేరని నెపం వేసుడు పాలకులకు అలవాటు. పోనోళ్లు ఉన్నరు, కాదనను. పోయినోని సంగతి అడిగిండ్రా? గైనకాలజిస్టు ఉండి మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషన్ ఎట్ల చేయాలె? ఇద్దరూ ఉండి రక్తనిధి లేకపోతే? అందుకే చీటీ మీద ఒకటే మాట, రెఫర్. భూపాలపల్లి నుంచి ఎంజీఎంకు, ఎంజీఎం నుంచి గాంధీకి. 108 బండిలో కాన్పయిందని పేపర్లో ఫోటో వేసి సిబ్బందిని మెచ్చుకుంటం. మెచ్చుకోవాల్సిందే. ఆ తల్లి బండెందుకు ఎక్కాల్సి వచ్చిందో ఆ వార్తలో ఉండదు.

ఇబ్రహీంపట్నం యాది మరువొద్దు. 2022 ఆగస్టు 25న అక్కడి సర్కారు దవాఖానలో క్యాంపు పెట్టి ఒక్క రోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిండ్రు. ఇన్ఫెక్షన్ వచ్చి నలుగురు తల్లులు చచ్చిపోయిండ్రు. మిగతావాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించిండ్రు. ఇట్లాంటి క్యాంపులు మూడేండ్లలో బంద్ చేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లోనే, దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది. ఆ గడువు 2019తోనే అయిపోయింది. మరి క్యాంపు ఎందుకు పెట్టిండ్రు? రోజూ ఇద్దరికో ముగ్గురికో చేసే సర్జన్, మత్తు డాక్టరు, శుభ్రంచేసిన పరికరాలు ఎక్కడికక్కడ ఉంటే ఒక్కనాడు మందను తోలినట్టు తోలే అవసరం రాదు. సస్పెన్షన్లు అయినయి, ఎక్స్‌గ్రేషియా ప్రకటించిండ్రు. దానికి ఐదు నెలల ముందు, అదే ఏడు మార్చిలో, వరంగల్ ఎంజీఎం ఆర్ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికినయి. అప్పుడు సూపరింటెండెంట్‌ను మార్చిండ్రు. ఎలుకలను పట్టే పని, ఊడ్చే పని ఏజెన్సీలకు అప్పజెప్పిన విధానాన్ని ఎవరు మార్చిండ్రు?

పునాదిరాళ్లకు మాత్రం కరువు లేదు. ఉస్మానియా పాత బిల్డింగు కూలగొట్టి కొత్తది కడతమని 2015లో చెప్పిండ్రు. 2020 జులైలో వార్డుల్లో మోకాలు లోతు నీళ్లొచ్చినయి, మంచాల కింద మురికినీళ్లు పారినయి, పాత బ్లాకుకు తాళమేసిండ్రు. గోషామహల్‌లో కొత్త దవాఖానకు శంకుస్థాపన 2025 జనవరి 31న జరిగింది. మాటకూ రాయికీ మధ్య పదేండ్లు. వరంగల్‌లో సెంట్రల్ జైలునే కూలగొట్టి 2021 జూన్‌లో 24 అంతస్తుల దవాఖానకు కొబ్బరికాయ కొట్టిండ్రు. 2023 డిసెంబర్‌లో ఆ సర్కారు దిగిపోయేనాటికి అది పూర్తికాలే. కడుతుంటే వద్దనే పిచ్చోళ్లం కాదు మనం. ఆ అంతస్తుల్లో కూసునే డాక్టర్ల, నర్సుల, టెక్నీషియన్ల పోస్టుల జీవో ఎక్కడ, ఎన్ని పోస్టులు అని అడుగుతున్నం.

2023 మేలో 1,061 మంది అసిస్టెంట్ ప్రొఫెసర్లకు, 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చిండ్రు. మంచిదే. ఆ నర్సుల నోటిఫికేషన్ ఇచ్చింది మేమంటే మేమని రెండు పార్టీలు కొట్టుకుంటయి. అదే నోళ్లు రెండో ఏఎన్ఎంల దగ్గరికొచ్చేసరికి మూతపడతయి. ఏండ్లకేండ్లు కాంట్రాక్టు మీద సూదులేసిన ఆ అక్కలు 2023 ఆగస్టులో సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఆశా అక్కలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేసిండ్రు, 2023లో మళ్లీ చేసిండ్రు. కరోనాలో ఇల్లిల్లూ తిరిగింది వాళ్లే. అప్పుడు చప్పట్లు కొట్టినం.

ఇక ఆరోగ్యశ్రీ. గుండెకు చిల్లు ఉన్న పేదబిడ్డ బతికిందంటే సంతోషమే, ఆ కార్డు వద్దనేటోడు మనిషి కాదు. 2023 డిసెంబర్ 9న దాన్ని పది లక్షలకు పెంచిండ్రు. 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు 1,400 కోట్లున్నయని సేవలు బంద్ పెట్టినయి. సర్కారు నెలనెలా ఇస్తమని బతిమిలాడుకున్నది. చూసిండ్రా, ప్రైవేటు దవాఖాన తలుపు మూస్తే సర్కారుకు చెమటలు పడతయి. సర్కారు దవాఖానలో మత్తు డాక్టరు లేకుంటే ఎవ్వనికీ చెమట పట్టదు. జ్వరమొస్తే, విరేచనాలైతే, ఓపీలో చూపించుకుంటే ఆ కార్డు పనికిరాదు. పల్లెలో మనిషిని అప్పులపాలు చేసేవి ఎక్కువగా అవే. కోతల సంగతైతే చెప్పే పని లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి అరవై సిజేరియన్లు, ప్రైవేటులో ఎనభై ఒకటి దాటినయి.

ఈ సర్కారు వచ్చినంక 2023 డిసెంబర్‌లో ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం, కరెంటు మీద శ్వేతపత్రం, తర్వాత ప్రాజెక్టుల మీద శ్వేతపత్రం పెట్టింది. అదే చేత్తోని దవాఖానల మీద ఒకటి పెట్టాలె. పోస్టులు మంజూరైనవెన్ని, పనిచేస్తున్నోళ్లెందరు, పీజీకి పోయినోళ్లు, డిప్యుటేషన్ మీద పట్నంలో కూసున్నోళ్లు ఎందరు, దవాఖాన పేరుతో సహా. అది అయ్యేదాకా ప్రతి దవాఖాన గేటుకు ఆ పట్టిక బోర్డు రాసి పెట్టాలె. పెయింటు ఖర్చు తప్ప దానికేం ఖర్చు లేదు.

మీ ఎమ్మెల్యే ఊర్లెకొస్తే మీ నియోజకవర్గం దవాఖానలో మత్తు డాక్టరు ఉన్నడా లేడా అని అడుగుండ్రి. తెల్వదంటే మీ ముందర్నే జిల్లా వైద్యాధికారికి ఫోన్ చెయ్యమనుండ్రి, స్పీకర్ పెట్టి.