రేడియో వెనకవైపు

కంప్యూటర్ కేసు సొంతంగా చేసుకోవాలనిపిస్తే ఎవరైనా ముందు నెట్‌లో ఫొటోలు చూస్తారు. నేనూ నెలరోజులు చూశాను. అన్నీ ఒకటే: అద్దాలు, పెళ్ళిపందిట్లో సీరియల్ సెట్లలాంటి రంగుల లైట్లు. నన్నడిగితే ఐడియా కోసం ఇంట్లో పాత సామాను చూడండి. అదీ వెనకవైపు నుంచి.

పోయినసారి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నగారి వాల్వు రేడియో తిప్పి చూశాను. వెనక అట్టనిండా చిల్లులు, వాల్వుల వేడి పోవడానికి. మనకి కావలసిందీ అదేగా! మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరమే, లోపల హాయిగా పడుతుంది. అన్నీ పీకేసి ఖాళీ పెట్టె డల్లాస్ తెచ్చుకుందామని స్క్రూడ్రైవర్ తీశాను.

"అది ఇంకా పాడుతుందిరా," అన్నారు నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే. లేచి స్విచ్చి వేశారు. వాల్వులు వేడెక్కాక గరగరమంటూ పాటొచ్చింది.

స్క్రూడ్రైవర్ పక్కనపెట్టి టేపు తీసుకున్నాను.

ఇక్కడికొచ్చాక అవే కొలతలతో గ్యారేజీలో ప్లైవుడ్‌తో చేశాను. చెక్క రేకులా వేడిని వదలదు కాబట్టి వెనక చిల్లులు ఇంకాస్త ఎక్కువే పెట్టాను. ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాను. రేడియోకున్నట్టే దళసరి గుడ్డ బిగిస్తే గాలాడక ఫ్యాను ఒకటే రొద. ఇప్పుడు పల్చటి జాలీ వేశాను. పాడైపోయిన వస్తువైతే కోసుకోండి, తప్పులేదు. పనిచేసేదాన్ని కోసి "రెట్రో" అంటే మాత్రం నేనొప్పుకోను.

స్టేషన్లు తిప్పే మర ఉండాల్సిన చోట పవర్ బటన్ పెట్టాను. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న అడిగారు, "ఇందులో వార్తలొస్తాయా?"