తొమ్మిది మంది విద్యార్థులు, కారణం లేని ఒక ఉత్తరం

అమెరికా పౌరహక్కుల ఉద్యమం మీద మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పేపర్ ఉంది. చాలా ఏళ్లుగా నేనే చెబుతున్నాను. మొదటి రోజు క్లాసులో "మీకు ఇప్పటికే ఏం తెలుసు?" అని అడిగితే వచ్చే జవాబు ఏ బ్యాచ్‌లోనూ మారదు. రోజా పార్క్స్ బస్సులో సీటు వదల్లేదు, మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి మాట్లాడాడు. 1946లో బాబాసాహెబ్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారని చెప్పేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు అంబేద్కర్ స్టడీ సర్కిల్ నుంచి వచ్చినవాళ్లని నాకు వెంటనే అర్థమైపోతుంది.

ఆ ఉద్యమంలో విశ్వవిద్యాలయాల్లో బతికే మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఘట్టం మాత్రం బస్సులో జరిగింది కాదు. అది ఒక కాలేజీలో జరిగింది. మన చర్చల్లో దాని ఊసు దాదాపు వినపడదు.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే భోజన కౌంటర్ దగ్గర కూర్చున్నారు. ఆ కబురు దక్షిణాది అంతా పాకింది. అదే నెల 25న అలబామా రాష్ట్ర రాజధాని మోంట్‌గోమరీలో సుమారు ముప్పై మంది విద్యార్థులు కౌంటీ కోర్టు భవనం కింది అంతస్తులోని క్యాంటీన్‌కు వెళ్లి భోజనం అడిగారు. అది ప్రైవేటు హోటల్ కాదు, ప్రభుత్వ భవనంలో నడిచే క్యాంటీన్. ఆ పన్నులు వాళ్ల తల్లిదండ్రులూ కట్టారు. వాళ్లకు భోజనం పెట్టలేదు సరికదా, క్యాంటీనే మూసేశారు.

ఆ విద్యార్థులందరూ అలబామా స్టేట్ కాలేజీవాళ్లు. అది నల్లజాతి పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వమే నడిపే కాలేజీ. గవర్నర్ జాన్ ప్యాటర్సన్ హోదా రీత్యా రాష్ట్ర విద్యా బోర్డుకు కూడా అధ్యక్షుడు. ఆ రోజే ఆయన కాలేజీ అధ్యక్షుడు ట్రెన్‌హోమ్‌తో మాట్లాడి వాళ్ల మీద చర్య తీసుకోవాలన్నాడు. ట్రెన్‌హోమ్ కూడా నల్లజాతివాడే, 1925 నుంచి ఆ కుర్చీలో ఉన్నవాడు. కాలేజీకి వచ్చే ప్రతి డాలరూ ఆ బోర్డు చేతి మీదుగానే రావాలి. ఆయన్ని తిట్టడం తేలిక. మనవాళ్లు పెద్ద పదవుల్లో ఉండగా మన పిల్లల మీద ఉత్తర్వులు వచ్చిన సందర్భాలు తెలిసినవాళ్లకు అంత తేలిక కాదు.

మార్చి మొదటి వారంలో బోర్డు తొమ్మిది మందిని బహిష్కరించి, ఇరవై మందిని ప్రొబేషన్‌లో పెట్టింది. విచారణ లేదు, ముందస్తు నోటీసు లేదు. ఇంటికి వచ్చిన ఉత్తరంలో ఏ తప్పు చేశారో స్పష్టంగా లేదు. తర్వాత కోర్టులో బోర్డు సభ్యులను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. అంటే శిక్ష వేసినవాళ్లకే దేనికి వేశామన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు.

ఆ పిల్లల తరఫున నిలబడిన లాయర్ ఫ్రెడ్ గ్రే. ఆయనా ఆ కాలేజీలో చదివినవాడే. సొంత రాష్ట్రంలో లా చదవడానికి నల్లవాళ్లకు తలుపులు మూసి ఉంటే ఒహాయో వెళ్లి చదువుకుని తిరిగొచ్చాడు. రోజా పార్క్స్ లాయరూ, బస్సుల కేసు గెలిచిన లాయర్లలో ఒకడూ ఆయనే. జిల్లా కోర్టులో జడ్జి ఫ్రాంక్ జాన్సన్ విద్యార్థులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాడు. 1956లో బస్సుల్లో వేర్పాటు చెల్లదన్న ధర్మాసనంలో ఈ జాన్సన్ కూడా ఉన్నాడని చెబితే మా క్లాసులో ప్రతిసారీ గుసగుసలు మొదలవుతాయి. బస్సు విషయంలో న్యాయంగా ఆలోచించిన మనిషికి కాలేజీ విషయం వచ్చేసరికి పెద్దరికం అడ్డం వచ్చింది. కాలేజీ తండ్రి లాంటిది, పిల్లల్ని దండించే ముందు తండ్రి ఎవరికైనా కారణం చెబుతాడా అన్నది ఆనాటి అమెరికన్ విద్యాసంస్థల్లో స్థిరపడిన ఆలోచన. ఈ మాట మనకు బాగా తెలిసిందే. మన దగ్గర దానికి గురుశిష్య సంబంధం అని ఇంకో అందమైన పేరుంది. అయితే ఆ తండ్రి ఇంట్లోంచి ఎవరి పిల్లలు ముందు బయటికి పోతున్నారో చూడాలి.

1961 ఆగస్టు 4న అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాసింది జడ్జి రిచర్డ్ రైవ్స్. బస్సుల కేసులో జాన్సన్‌తో కలిసి సంతకం పెట్టింది కూడా ఈయనే. ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థిని బహిష్కరించే ముందు నోటీసు ఇవ్వాలి, అందులో నిర్దిష్టమైన ఆరోపణలు ఉండాలి, ఎవరు సాక్ష్యం చెప్పారో విద్యార్థికి తెలియాలి, తన వాదన, తన సాక్షులను ముందుంచే అవకాశం ఇవ్వాలి, విచారణ నివేదికను చూడనివ్వాలి అని అందులో ఉంది. అమెరికాలో ప్రభుత్వ కాలేజీ విద్యార్థులకు, ఏ రంగువాళ్లకైనా సరే, ఈ రక్షణ డిక్సన్ కేసు అనే ఈ తీర్పుతో దొరికింది. ఇవాళ అక్కడ తెల్లజాతి విద్యార్థి కూడా కమిటీ ముందు కూర్చుని తన మాట చెప్పుకోగలుగుతున్నాడంటే, భోజనం దొరకని ఆ పిల్లల పుణ్యమే.

తీర్పు చేయని పనులూ ఉన్నాయి. క్యాంటీన్‌లో కూర్చోవడం న్యాయమని అది చెప్పలేదు, అడగకుండా వెళ్లగొట్టొద్దని మాత్రమే చెప్పింది. ప్రైవేటు కాలేజీలకు వర్తించదు. అధ్యాపకులను అసలే కాపాడలేదు. కింగ్ జీవితచరిత్ర రాసిన చరిత్ర ప్రొఫెసర్ లారెన్స్ రెడిక్‌ను గవర్నర్ ఒత్తిడితో 1960 వేసవిలో ఉద్యోగం నుంచి తీసేశారు. 1955 డిసెంబర్ 1 రాత్రి ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని, కాలేజీ యంత్రం మీద వేల కరపత్రాలు తీసి బస్సుల బహిష్కరణకు మొదటి పిలుపు ఇచ్చిన ఇంగ్లీషు ప్రొఫెసర్ జో ఆన్ రాబిన్సన్ కూడా అదే సంవత్సరం రాజీనామా చేసి వెళ్లిపోయింది. ఆ తొమ్మిది మంది రికార్డుల నుంచి బహిష్కరణను తుడిచేసింది 2018లో, యాభై ఎనిమిదేళ్లకు.

ఇక్కడికి వచ్చేసరికి క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "కమిటీ కూడా వాళ్లదే కదా సార్, విచారణ జరిగితే మాత్రం ఏం ఒరిగింది?" పోయినేడాది ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి హైదరాబాద్ పేరెత్తింది. అక్కడ 2015లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల విషయంలో కమిటీలకు కొరత లేదు. ఒక విచారణ తర్వాత ఇంకో విచారణ జరిగింది. చివరికి హాస్టళ్లలోకి రావద్దన్నారు. వాళ్లు ఆరుబయట టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. మన దేశంలోనూ చట్టం మరీ వెనకబడి లేదు. పరీక్షలో కాపీ కొట్టారని శిక్షించే ముందు కూడా విద్యార్థి మాట వినాలని మన సుప్రీంకోర్టు 1962లోనే, అంటే డిక్సన్ తీర్పు వచ్చిన మరుసటి సంవత్సరమే చెప్పింది.

ఆ అమ్మాయికి నేను ఇచ్చిన జవాబు నాకే సరిపోలేదు. అందుకు కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నేనూ ఒక క్రమశిక్షణ సంఘంలో సభ్యుణ్ణి. ధర్నా చేసిన ఒక కుర్రాడికి సాయంత్రం నోటీసు ఇచ్చి మర్నాడు ఉదయం రమ్మన్నాం. ఆరోపణ ఏమిటంటే 'క్యాంపస్ వాతావరణానికి భంగం'. ఏ రోజు, ఏ నిబంధన, ఎవరి ఫిర్యాదు అన్నవి లేవు. అతను వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. పది నిమిషాల్లో ముగిసింది. రెండు సెమిస్టర్లు సస్పెన్షన్. సంఘంలో మనవాడు ఒకడు ఉండాలని నన్ను వేశారు. నా సంతకం అందుకే వాళ్లకు అవసరమైంది. నేను పెట్టాను.

అప్పటికే డిక్సన్ కేసు గురించి నేను క్లాసులో చెబుతున్నాను.

కాబట్టి ఇప్పుడు ఆ ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇది. విచారణ జరిగినంత మాత్రాన న్యాయం జరగదు. కానీ కాగితం మీద ఏం రాశారన్నది చిన్న సంగతి కాదు. ఉత్తరంలో ఏ ఆరోపణా సరిగా లేకపోవడమే ఆ తొమ్మిది మంది చేతికి దొరికిన ఆధారం. తేదీ, నిబంధన, సాక్షి పేరు రాయమని పట్టుబట్టే మనిషి సంఘంలో ఒక్కరున్నా, శిక్ష వేయాలనుకున్నవాళ్లు తమ అసలు కారణాన్ని బయటపెట్టాల్సి వస్తుంది. అది రాయలేనిదైతే ఆ సంగతీ రికార్డులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి కోర్టుకు దారి ఉంటుంది. మహాడ్ చెరువు విషయంలో నీళ్లు తాగడం ఒక్క రోజులో అయిపోయింది, బొంబాయి హైకోర్టులో గెలవడానికి పదేళ్లు పట్టింది. బాబాసాహెబ్ రెండూ వదల్లేదు.

ఈ నెల నన్ను మళ్లీ సంఘంలో వేశారు. ముసాయిదా నోటీసు ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. ముగ్గురు విద్యార్థుల పేర్లున్నాయి, నిబంధన నంబరు లేదు, ఫిర్యాదు కాపీ జతచేయలేదు. ఆ రెండూ లేకుండా సంతకం పెట్టనని రిజిస్ట్రార్‌కు రాసి, నా ఉత్తరం మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్నాను.